సొంతంగా ఫుట్ రిఫ్లెక్సాలజీ, ఇళ్లకు వెళ్లి చేయడం: సామాను, రేటు, రోజుకు ఎన్ని?

మల్లెమొగ్గ
అందరికీ నమస్తే. ఫుట్ రిఫ్లెక్సాలజీ (పాదంలో ఒక్కో చోటు ఒంట్లో ఒక్కో అవయవానికి చెందుతుందని చెప్పి ఆ చోట్లు నొక్కే పద్ధతి) కోర్సు అయిపోయింది. సెంటర్లో జీతానికి కాకుండా హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఇళ్లకు వెళ్లి సొంతంగా చేయాలని ఉంది. ఆడవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు మాత్రమే. రోజుకు ఎన్ని చేయొచ్చు, ఏమేం కొనాలి, ఎంత తీసుకోవాలి, షుగర్ ఉన్నవాళ్లకు చేయొచ్చా? పాంప్లెట్‌లో ఏం రాయాలో కూడా చెప్పండి. కోర్సులో పాదం మ్యాప్ మాత్రం బాగా నేర్పారు, ఇవేవీ చెప్పలేదు.

వేలిముద్ర
రోజుకు ఎన్ని అన్నది డైరీ కాదు, మీ బొటనవేళ్లు తేలుస్తాయి. మొదటి మూడు నెలలు రోజుకు 3, తర్వాత 4. అయిదోది ఒప్పుకున్న వారంలోనే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. ఈ పనిలోంచి మనుషులు తప్పుకునేది గిరాకీ లేక కాదు, వేళ్లు పాడై.

థంబ్ వాకింగ్‌లో, అంటే బొటనవేలిని వంచుతూ చాపుతూ పాదం మీద కొద్దికొద్దిగా నడిపించేటప్పుడు, గోరు దగ్గరి కీలు ఒక్కటే వంగాలి. మొదట్లో ఉన్న కీలు కదలకూడదు. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి చూడండి, బొటనవేలి ఏ అంచు బల్లకు తగులుతుందో పాదానికీ ఆ అంచే తగలాలి. వేలి కొసతో గుచ్చితే గోరు దిగుతుంది, మెత్తటి కండతో నొక్కితే బలం వృథా. ఒక్కో అడుగు బియ్యపు గింజంత కూడా ఉండకూడదు. ఎప్పుడూ ముందుకే, వెనక్కి నడవకూడదు. బలం బొటనవేలి నుంచి కాదు, పాదం అవతలి పక్కన ఆనించిన నాలుగు వేళ్ల నుంచి రావాలి. కొమ్మను వంచేటప్పుడు చేయి ఎలా పనిచేస్తుందో అలా. రెండో చెయ్యి కాలివేళ్లను కొంచెం వెనక్కి వంచి పట్టుకుంటే అరికాలు చర్మం బిగుస్తుంది, వేలు జారదు. మరీ వెనక్కి లాగితే మడమ నొప్పి ఉన్నవాళ్లు కాలు లాక్కుంటారు.

తప్పు చేస్తున్నట్టు గుర్తు: నొక్కేటప్పుడు గోరు దగ్గరి కీలు వెనక్కి విల్లులా వంగడం, గోరు తెల్లబడటం. ఆ రెండూ కనిపిస్తే వెంటనే ఆపి పిడికిలి కణుపులతో మడమ భాగం చేయండి. మడమ చర్మం మందం కాబట్టి అక్కడ బొటనవేలు వాడటమే దండగ.

ఇంకో పరీక్ష. బొటనవేలిని పిడికిట్లో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచండి. మణికట్టు పక్కన బొటనవేలి వైపు చురుక్కుమని నొప్పి వస్తే స్నాయువు తొడుగు వాచిందని అనుమానించాలి. ఆ వారం బుకింగులు ఆపి ఎముకల డాక్టరుకు చూపించుకోండి. బామ్ రాసుకుని లాగిస్తే త్వరగా తగ్గేది నెలలు పడుతుంది.

ఓరుగల్లు_పోరడు
అక్కా, కూసునే ఎత్తు గురించి నేను చెప్త. ఇండ్లళ్ల అందరు సోఫాల కూసుంటరు, మనల్ని కింద కూసోమంటరు. ఒప్పుకోకుండ్రి. మెడ, నడుము రెండు పోతయ్. వాళ్లను దివాన్ కాట్ మీద పండవెట్టి పాదాలు అంచు దాటి బయటికి వచ్చేటట్టు జరుపుండ్రి. పిక్కల కింద రెండు దిండ్లు, మోకాలు కొద్దిగ వంగి ఉండాలె. మోకాలు గాలిల వేలాడితే పది నిమిషాలకే గుంజుతది. మీరు అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్ స్టూల్ మీద కూసుంటే పాదం మీ రొమ్ము కింది భాగానికి వస్తది, మోచేతులు ఒంటికి ఆని ఉంటయ్, భుజాలు లేవవు.

ఫోల్డింగ్ రిక్లైనర్ కొందామనుకుంటున్నరేమో. స్కూటీ మీద దాన్ని ఎట్ల మోస్తరు? లిఫ్ట్ పాడైన అపార్ట్‌మెంట్ల నాలుగో అంతస్తు ఎక్కంగ తెలుస్తది. స్టూలే నయం, దానికో పాత దిండు గలీబు కట్టుకుంటే సాలు.

సామాను: ఒక్కొక్కరికి మూడు తువ్వాళ్లు. కాళ్ల కింద ఒకటి, చేయని పాదాన్ని చుట్టెతందుకు ఒకటి, తుడిచెతందుకు చిన్నది ఒకటి. నాలుగిండ్లకు పన్నెండు. వాడినవాటికి వేరే జిప్ సంచి. నూనె పట్టిన తువ్వాళ్లను మామూలు సబ్బుతోని ఉతికితే వాసన పోదు, మూడోసారికే ముక్కిపోయిన వాసన కొడ్తది. వేడినీళ్లల్ల చాకలి సోడా ఏసి అరగంట నానవెట్టి అప్పుడు ఉతకాలె.

వేలిముద్ర
నూనె సంగతి వచ్చింది కాబట్టి. థంబ్ వాకింగ్ చేసేంతసేపూ నూనె వద్దు. పొడి చేతులతో, లేదా చిటికెడు కార్న్‌ఫ్లోర్‌తో చేయండి. నూనె ఉంటే వేలు జారుతుంది, జారకుండా ఉండటానికి ఇంకా గట్టిగా నొక్కుతాం, భారం మళ్లీ అదే కీలు మీద పడుతుంది. చివరి ఐదు నిమిషాలకు రెండు పాదాలకూ కలిపి ఒక టీస్పూను నువ్వులనూనె చాలు.

గంట ఇలా పంచుకోండి: పాదాలు చూడటం, తుడవడం 5 నిమిషాలు. రెండు పాదాలకూ చీలమండ తిప్పడం, పక్కలకు ఊపడం, అరికాలి గుంటలో శ్వాసతో పాటు నొక్కడం 5. ఒక్కో పాదానికి 22. నూనెతో ముగింపు 5. మొదటిసారి వచ్చినవాళ్లకు మాట్లాడటానికి ఇంకో 15 నిమిషాలు ముందే కలుపుకోండి, ఆ పావుగంటకు డబ్బు అడగకండి.

కొందరు ‘గట్టిగా నొక్కమ్మా, డబ్బులిస్తున్నాం’ అంటారు. సున్నా నుంచి పది లెక్కలో నొప్పి ఎంతో అడగండి, ఆరు దాటనివ్వకండి. కాలివేళ్లు ముడుచుకుంటున్నా, ఊపిరి బిగబట్టినా నోటితో ఏం చెప్పినా సరే తగ్గించాల్సిందే.

పాదాల_నర్సు
షుగర్ ప్రశ్నకు జవాబు. ‘చేయొచ్చా’ అని కాదు, ‘ఆ పాదానికి స్పర్శ ఉందా’ అని అడగాలి. మన దగ్గర పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్తే దాదాపు ప్రతి ఇంట్లో ఒక షుగర్ మాత్రల డబ్బా కనిపిస్తుంది, కాబట్టి ఇది నేర్చుకోకుండా మొదలుపెట్టకండి.

స్పర్శ చూడటానికి పరికరం అక్కర్లేదు. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అని ఉంది. ఆమెను కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఈక తగిలినట్టు ఒకటి రెండు సెకన్లు తాకండి. మొత్తం ఆరు చోట్లు. తాకినప్పుడల్లా ఆమె ‘ఆ’ అనాలి. నొక్కకూడదు, తట్టకూడదు, తెలియలేదని అదే వేలిని రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందని అనుకోవాలి. మీరు జబ్బు పేరు చెప్పకండి. ‘డాక్టర్ గారికి పాదాలు చూపించండమ్మా’ అని చెప్పి ఆ రోజు చేయకుండా వచ్చేయండి. స్పర్శ లేని పాదంలో సున్నా నుంచి పది అడిగినా ప్రయోజనం లేదు, చర్మం కమిలేదాకా ఆమెకు తెలియదు.

వేడినీళ్ల తొట్టి ఇంకా ప్రమాదం. స్పర్శ లేనివాళ్లకు కాళ్లు ముంచడం అసలు వద్దు. మిగతావాళ్లకు 37, 38 డిగ్రీలు చాలు, 40 దాటకూడదు, ఐదు నిమిషాలు. చేత్తో చూసి వేడి అంచనా వేయకండి, రోజంతా నీళ్లలో పనిచేసే చేతికి అంతా గోరువెచ్చగానే అనిపిస్తుంది. బేబీ బాత్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి.

అసలు ముట్టుకోకూడనివి: ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే, ముఖ్యంగా ఆపరేషన్, కాన్పు, దూర ప్రయాణం తర్వాత అయితే, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నొక్కితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు వెళ్లొచ్చు. రెండో కాలు కూడా చేయొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పంపండి. జ్వరం, పుండు, చీము, ఎర్రగా వాచిన బొటనవేలి కీలు కూడా అంతే. బోదకాలు ఉన్నవాళ్లకు చలిజ్వరంతో కాలు ఎర్రబడిన రోజుల్లో చేయకూడదు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే అది ‘నడిచిన అలసట’ కాదు, గుండె, కిడ్నీ, లివర్ ఏదైనా కావచ్చు. డాక్టర్ చూశాకే.

రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు తేలిగ్గా, కణుపులు వాడకుండా. గర్భిణులకు వాళ్ల డాక్టర్ మాట లేకుండా వద్దు.

వేళ్ల సందులు ఒరిసి తెల్లగా పాచి ఉంటే ఫంగస్. ఆ సందులు వదిలేయండి, ఆ తువ్వాలు మరో మనిషికి వాడకండి. పులిపిర్లు అంటుకుంటాయి, ప్లాస్టర్ వేసి పక్కనుంచి చేయండి. ఆనెకాయలను బ్లేడుతో కోయమని అడుగుతారు. ఎంత బతిమాలినా కోయకండి.

గోదారి_గట్టు
నర్సు గారూ, అంతా బాగానే చెప్పారు గానీ అసలు విషయం వదిలేశారండి. అరికాల్లో ఇసుక రేణువుల్లా గరగరలాడతాయి కదా, అవి యూరిక్ యాసిడ్ స్ఫటికాలు. వాటిని నలిపి కరిగిస్తేనే ఆ అవయవానికి రక్తం బాగా వెళ్తుంది. ఆ తర్వాత లీటరు నీళ్లు తాగిస్తే విషాలన్నీ కొట్టుకుపోతాయి. ఇది చెప్పకపోతే కస్టమర్ రెండోసారి ఎందుకు పిలుస్తారండి?

పాదాల_నర్సు
గోదారి_గట్టు గారూ, అరికాలి కింద కొవ్వు చిన్న చిన్న గదుల్లో ఉంటుంది, దాని పైన గట్టి పొర, నరాలు, కండర స్నాయువులు. వేలు వాటి మీదుగా దొర్లితే గరగరలాడుతుంది. స్ఫటికాలని ఎవరూ నిరూపించలేదు. నిజంగా యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరితే అది గౌట్, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. మీరు నలపనిస్తారా?

నీళ్ల సలహా అయితే ప్రమాదం. డయాలసిస్ వాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు డాక్టర్ రోజుకు ఇన్ని నీళ్లే అని కొలిచి చెబుతారు. మీరు లీటరు తాగించి వస్తే రాత్రికి ఆయాసం. దాహమైతే తాగమనండి, అంతే.

వేలిముద్ర
ఇక్కడ నేను నర్సు గారి వైపే. మ్యాప్‌ను పని చేసే వరుసకు వాడుకోండి, జబ్బు చెప్పడానికి కాదు. ఒక స్కూల్ మ్యాప్‌కూ ఇంకో స్కూల్ మ్యాప్‌కూ చోట్లు కలవవు. ఈ పద్ధతి అగస్త్యుల వారి కాలం నాటిదని కూడా పాంప్లెట్‌లో రాయకండి. ఇప్పుడు మనం వాడే పాదం మ్యాప్, అమెరికాలో ఫిట్జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు డాక్టర్ ఒంటిని పది నిలువు జోన్లుగా విడగొట్టి 1917లో పుస్తకం వేసిన తర్వాత, 1930లలో యూనిస్ ఇంగమ్ పాదాలకు కుదించినది. మన పాదాభ్యంగం వేరు, అది నూనెతో మర్దన. కంచు గిన్నెతో రుద్దేదీ వేరు. రెండూ కలిపి చేస్తే తప్పులేదు, పేరు మాత్రం కలపకండి.

2009లో ఒక సమీక్షలో 18 ట్రయల్స్ చూసి, ఏ జబ్బునైనా తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. మరి రెండోసారి ఎందుకు పిలుస్తారంటారా? ఆ గంటలో ఆమె ఫోన్ పక్కన పెట్టి నిద్రపోయింది కాబట్టి. పెద్దవాళ్ల పాదాలను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. గంటసేపు ఒక మనిషి శ్రద్ధగా పట్టుకోవడమే మనం అమ్మేది, దానికి సిగ్గుపడక్కర్లేదు. ‘మీ లివర్ బాగోలేదు’ అని భయపెట్టి తెచ్చుకున్న గిరాకీ మొదటి స్కాన్ రిపోర్ట్‌తో పోతుంది.

చిట్టాపద్దు
పాంప్లెట్ విషయం నాది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో షుగర్, బీపీ, పక్షవాతం, కీళ్లవాతం, స్థూలకాయం, క్యాన్సర్, స్త్రీలలో సంతానలేమి, కిడ్నీలో రాళ్లు అన్నీ ఉన్నాయి. వాటిని తగ్గిస్తామని మందులకు, తాయెత్తుల్లాంటి వాటికి ప్రకటన ఇస్తే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు. ఉత్త చేతులతో చేసే పని దీని కిందికి వస్తుందా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన కోర్టులో మీ డబ్బుతో చేయడం ఎందుకు? పైగా నూనె, ప్యాచ్, మ్యాట్ ఏదైనా అమ్మితే ఆ వాదనకూ చోటు ఉండదు. ‘పాదాల అలసటకు, విశ్రాంతికి, గంట సేపు’ అని రాయండి చాలు. పేరు ముందు డాక్టర్ వద్దు, ఫిజియోథెరపిస్ట్ అనీ వద్దు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. మాత్రలు మానేయమని, తగ్గించమని నోటిమాటగా కూడా చెప్పకండి.

రేటు. గంటకు 800 అనుకుందాం. పెట్రోలు 60, నూనె, టిష్యూలు, శానిటైజర్ 25, తువ్వాళ్ల ఉతుకు 30. మిగిలేది 685. కానీ ఆ విజిట్‌కు పట్టేది గంట కాదు. సర్దుడు పావుగంట, రానుపోను నలభై ఐదు నిమిషాలు. రెండు గంటలకు 685 అంటే గంటకు 340 చిల్లర. కాబట్టి రేటు పెంచేకన్నా దూరం తగ్గించండి. సోమ, గురువారాలు కూకట్‌పల్లి, నిజాంపేట. మంగళ, శుక్రవారాలు మియాపూర్, చందానగర్. ఎల్బీ నగర్ నుంచి ఫోన్ వస్తే ప్రయాణం చార్జీ ముందే చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

పది సెషన్ల ప్యాకేజీ పెట్టకండి. ఆరోదానికి అమెరికా ప్రయాణం వస్తుంది, మిగతా డబ్బు వెనక్కి అడుగుతారు, అప్పటికి ఖర్చయిపోయి ఉంటుంది. నాలుగు సెషన్లు, 60 రోజుల గడువు, వాట్సాప్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి. మొదటి బుకింగ్‌కు 200 అడ్వాన్స్.

ఉద్యం (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్లో ఆధార్‌తో ఉచితం. డబ్బు అడిగే సైట్ అయితే అది పోర్టల్ కాదు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటితే మాత్రం ‘వైద్యసేవకు మినహాయింపు’ మనకు రాదు, గుర్తింపు ఉన్న వైద్య పద్ధతుల్లో ఇది లేదు. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారాల అంచనా పద్ధతి తీసుకుంటే యూపీఐలో వచ్చినదానిపై కనీసం 6 శాతం, నగదుపై 8 శాతం లాభంగా చూపాలి. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి ఆ క్యూఆర్ కోడ్ ఒక్కటే వాడండి. ఇంటి పాల డబ్బులు, ఇవీ కలిసిపోతే మార్చిలో విడదీయడం నరకం. తర్వాత గది అద్దెకు తీసుకుని బోర్డు పెడితే మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి.

లెస్టర్_లక్ష్మి
యూకేలో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇది చదివి వీకెండ్‌లో మొదలుపెడదాం అనుకుంటే ఒక్క మాట. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు, స్నేహితులకు డబ్బు తీసుకుని చేసినా అది సొంత వ్యాపారమే. డిపెండెంట్ వీసా మీద చేసుకోవచ్చు. పన్ను సంవత్సరంలో వెయ్యి పౌండ్ల రాబడి దాటితే ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి తర్వాత వచ్చే అక్టోబర్ 5లోపు చెప్పాలి. ఇలాంటి పద్ధతులు చేసేవాళ్ల పేర్లు నమోదు చేసే సీఎన్‌హెచ్‌సీ రిజిస్టర్ స్వచ్ఛందం, తప్పనిసరి కాదు, అయినా ఇక్కడ అడిగేవాళ్లు అడుగుతారు. క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడం 1939 నుంచే నేరం.

మల్లెమొగ్గ
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో రెండు. పాంప్లెట్ ఇంకా వేయకముందే స్నేహితురాలి స్టేటస్ చూసి ‘ఫుల్ బాడీ ఉందా’ అని మగవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. రెండోది, సెషన్ అయ్యాక పెద్దవాళ్లు తూలుతారని విన్నాను, నిజమేనా?

ఓరుగల్లు_పోరడు
అక్కా, ‘మసాజ్’ అన్న మాటనే తీసెయ్యుండ్రి, సగం ఫోన్లు ఆగుతయ్. ‘పాదాలకు మాత్రమే, ఆడవాళ్లకు మాత్రమే, ఉదయం 10 నుంచి సాయంత్రం 5’ అని రాసి పెట్టుకుని అదే మెసేజ్ కొట్టుండ్రి. మారు మాట్లాడితే బ్లాక్. మొదటిసారి పోయే ఇంట్ల ఆమెతోని ఒకసారి ఫోన్ల మాట్లాడకుండ పోవద్దు. ఇంట్ల వాళ్లకు లైవ్ లొకేషన్ పెట్టుండ్రి, గంటంబావుకు ఎవరన్న ఫోన్ చేసేటట్టు చెప్పుండ్రి.

పాదాల_నర్సు
తూలడం నిజమే. బీపీ మాత్రలు వేసుకుని గంట పడుకుని ఒక్కసారి లేస్తే తల తిరుగుతుంది. ముందు లేపి కూర్చోబెట్టండి, రెండు నిమిషాల తర్వాతే నిలబెట్టండి. అంతకంటే ప్రమాదం అరికాలి నూనె. గ్రానైట్, టైల్స్ నేల మీద నూనె కాళ్లతో బాత్రూమ్‌కు వెళ్తే తుంటి విరుగుతుంది. గోరువెచ్చటి తడి తువ్వాలుతో మడమ, వేళ్ల సందులు అన్నీ తుడిచి, పొడి తువ్వాలుతో అద్ది, చెప్పులు మీ చేత్తో తొడిగి అప్పుడు లేపండి. షుగర్ మాత్రో ఇన్సులినో వేసుకున్నవాళ్లు తిన్నారో లేదో మొదలుపెట్టకముందే అడగండి. ఉపవాసాల రోజుల్లో మరీ. నిద్రపోయిందనుకుంటాం, చెమట పట్టి చల్లబడుతుంటే అది నిద్ర కాదు. సంచిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచుకోండి.

గోదారి_గట్టు
స్ఫటికాల మాట ఇక ఎత్తనులెండి. ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. మెట్టెలు తీయమని అడగకండి, చాలామంది నొచ్చుకుంటారండి. రెండోవేలిని మెట్టె పైభాగంలో చూపుడువేలితో చేసి, మెట్టె కింద వేలి మొదలును వదిలేయండి. పక్కవేలిని నొక్కేటప్పుడు మెట్టె అంచు గుచ్చుకోకుండా మధ్యలో టిష్యూ మడత పెట్టాలి. పట్టీలు పిక్క మీదికి జరిపి తువ్వాలు చుట్టేస్తే సరి, లేదంటే మువ్వలకు తువ్వాలు దారాలు చిక్కుకుంటాయి. శ్రావణమాసంలో అందరి కాళ్లకూ పసుపే ఉంటుంది, ఆ నెల తెల్ల తువ్వాళ్లు తీసుకెళ్లకండి.

ఓరుగల్లు_పోరడు
మంచి ముచ్చట చెప్పినవ్ అన్నా. పసుపు అంటిన తువ్వాళ్లకు నేను చెప్పిన సోడా వెయ్యొద్దు, మరక ఎర్రగ మారుతది. నూనెవి వేరే, పసుపువి వేరే నానవెట్టుండ్రి. పసుపువి ఉతికి ఎర్రటి ఎండల ఆరేస్తే రెండు మూడు రోజులకు అదే తేలిపోతది.